యంత్రానికీ జీర్ణోద్ధరణమే

అమెరికాలో ఆలయ అర్చకత్వం నిర్వహిస్తున్న నాకు వాహనపూజ తరచు జరిపే కార్యమే. చక్రాల క్రింద నిమ్మఫలాలు ఉంచి, ఆశీర్వదించి పంపడంతో నా ప్రమేయం ముగుస్తుంది. అయితే అలా పూజ జరిపిన ఒక స్పోర్ట్స్ కారు ఇంజను భగ్నమైనప్పుడు, యజమాని అయిన తెలుగు యువకుడు ధర్మసందేహంతో వచ్చాడు. "పంతులుగారూ, బాగుచేయడానికి అడుగుతున్న సొమ్ము కారు కొన్న వెలను మించిపోయింది. ఏం చేయమంటారు?"

అతనితో కలిసి షెడ్డుకు వెళ్ళాను. రేస్ ట్రాక్‌పై అతివేగంగా మలుపు తిరిగినప్పుడు ఇంజను అడుగుభాగంలోని నూనె ఒక ప్రక్కకు ఒరిగిందట. పంపు నూనెకు బదులు గాలిని పీల్చింది. క్రాంక్‌షాఫ్టుకూ బేరింగుకూ నడుమ ఎడం సుమారు 0.05 మిల్లీమీటర్లు మాత్రమే. అందులోని తైలపు పొర తొలగగానే లోహం లోహాన్ని ఒరుసుకొన్నది.

చెడినది ఒక్క బేరింగు. దాని వెల స్వల్పం. మరి ఇంత వ్యయం దేనికి? అరిగిన లోహచూర్ణం నూనెతోపాటు ఇంజను సర్వాంగాలలోనూ సంచరించింది. ఆయిల్ కూలరు సన్నని నాళాలలో చిక్కిన రేణువులను నిశ్శేషంగా తొలగించడం దుస్సాధ్యం. కనుక దానిని మార్చవలసిందే. క్రాంక్‌షాఫ్టులో కంటికి కానరాని పగుళ్ళున్నాయేమో అయస్కాంత పరీక్షతో చూడాలి. గీతలు లోతుగా లేకుంటే 0.25 మిల్లీమీటర్లు సానపట్టి, తదనుగుణంగా మందమైన బేరింగులు అమర్చాలి. లేకుంటే షాఫ్టే క్రొత్తది కావాలి. బిగింపులో సాగేటట్లు చేసిన బోల్టులను మళ్ళీ వాడరాదు. వ్యయంలో అధికభాగం విప్పడానికీ, కడగడానికీ, కొలవడానికీ పట్టే శ్రమదే.

"బేరింగు ఒక్కటీ మారిస్తే చాలదా?" అని యువకుడు అడిగాడు. మిగిలిన రేణువులు క్రొత్తదానినీ తినివేస్తాయన్నాడు మెకానిక్. ఎవరో వాడిన పాత ఇంజను చౌకగా లభిస్తుంది. కాని దాని పూర్వచరిత్ర ఎవరికెరుక?

జీర్ణాలయాన్ని ఉద్ధరించేటప్పుడు పగుళ్ళపై సున్నం పూసి ఊరుకోము; పునాదిని పరీక్షిస్తాము. అందుచేత, "నాయనా, చేయిస్తే సంపూర్ణంగా చేయించు, లేదా విడిచిపెట్టు. సగం పనికి సొమ్ము పోయవద్దు" అన్నాను.

అతడు చేయించాడు. ఆ ఏడు స్వగ్రామ ప్రయాణం మానుకొన్నాడు. ఆ మాట తల్లిదండ్రులకు చెప్పడం అతనికి సొమ్ముకంటే భారమైంది.

పునర్నిర్మాణం ముగిశాక, కొన్ని వందల మైళ్ళు మృదువుగా నడిపి, నూనె మార్చారు. మెకానిక్ ఆయిల్ ఫిల్టరును కోసి, లోపలి కాగితపు మడతలను ఒక్కొక్కటిగా విప్పి వెలుగులో చూశాడు. మెరిసే రేణువు ఒక్కటీ కనిపించలేదు. అప్పుడు గాని అతడు ఆ ఇంజను బాగుపడిందని ఒప్పుకోలేదు.