పిడికెడు బియ్యం లెక్క

మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ ఎసరు పెట్టేటప్పుడు, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ డబ్బాలు చర్చికి వస్తాయి. నలభై ఇళ్ల పిడికిళ్లు కలిస్తే నెలకి వంద కిలోల పైమాటే. 2018లో కిలో 30 రూపాయల లెక్కన అమ్మి, ఆ మూడు వేల పైచిలుకు స్త్రీల సమాజం ఖాతాలో వేసేవాళ్లం. రేపల్లె దగ్గర మా ఊళ్లో ఆ ఖాతా రాసేది నేనే. డ్వాక్రా గ్రూపులో నేర్చుకున్న లెక్కలు నాకు ఇక్కడా పనికొచ్చాయి. అయినా మైక్ సెట్ కొనేచోట ఒక పెద్ద పొరపాటు చేశాను. మాలాంటి చిన్న సంఘాల్లో డబ్బు చూసుకునేవాళ్లకి పనికొస్తుందని అది రాస్తున్నాను.

2018 క్రిస్మస్ ముందు పక్క ఊరి చర్చిలో నిలువెత్తు స్పీకర్లు పెట్టారు. మా యవ్వనస్థులు చూసొచ్చి, మనకూ అలాంటివి కావాలన్నారు. అప్పటికి మాకు ఒక పాత ఆంప్లిఫైయరు, రెండు కాలమ్ పెట్టెలు ఉన్నాయి. ఖాతాలో 20 వేలు ఉన్నాయి. ఆ 20 వేలతో ఏం వస్తుందిలే అనుకున్నాను. నేను కడుతున్న లక్ష రూపాయల చిట్టీని, ఇరవై నెలల దాన్ని, నాలుగో నెలలోనే పాడేశాను. పోటీ పెరిగి 22 వేలు వదులుకోవాల్సి వచ్చింది. చేతికి 78 వేలు వచ్చాయి. చిట్టీ వాయిదాలు నేను కట్టుకునేలా, సంఘం నాకు నెలకి 3 వేల చొప్పున తీర్చేలా మాట అనుకున్నాం. అంటే 26 నెలలపాటు అందరి పిడికిళ్లూ ఆ స్పీకర్లకే. ఆ రోజు ఈ లెక్కని నెలల్లో వేసి చూసుకుని ఉంటే నా చెయ్యి ఆగేది.

విజయవాడ వెళ్లి రెండు పెద్ద స్పీకర్లు, పవర్ ఆంప్లిఫైయరు, మిక్సరు తెచ్చాం. మైకుల దగ్గరికి వచ్చేసరికి చిట్టీ డబ్బు అయిపోయింది. షాపులో ఊరికే ఇచ్చిన రెండు మైకులతోనే సరిపెట్టుకున్నాం. క్రిస్మస్ ఆరాధనలో ప్రసంగం మొదలైన రెండో నిమిషానికే కూత. తగ్గిస్తే వినపడదు, పెంచితే కూత. ఆరాధన అయ్యాక వెనక గోడకి ఆనుకుని కూర్చునే మామ్మ నా చెయ్యి పట్టుకుంది. “అయ్యగారు ఏం చెప్పారమ్మా? చప్పుడు గట్టిగానే వచ్చింది, మాటే తెలీలేదు” అంది. ఆ డబ్బాల్లో మామ్మ బియ్యం కూడా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సంక్రాంతి వెళ్లాక, ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకి మైక్ సెట్ కట్టే ఒక పెద్దాయన్ని పిలిపించాం. ఆయన స్పీకర్ల వంక చూడలేదు. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు గోడ నుంచి గోడకి తిరిగి తిరిగి ఆగింది. “అమ్మా, మీకు కావాల్సింది ఇంకో పెట్టె కాదు. ఈ హాలు నోరు మూయించాలి” అన్నారు.

మాది 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు హాలు. పైన రేకులు, కింద బండలు, నున్నటి గోడలు. ఒక్క మాట గోడల మధ్య తిరిగి తిరిగి ఆగేలోపు పాస్టరుగారు ఇంకో మాట అనేస్తారు. రెండూ కలిసి అలుక్కుపోతాయి. అక్కడ వాట్లు పెంచితే ఆ అలుకుడు కూడా పెరుగుతుంది. పైగా మేం స్పీకర్లని ప్రసంగ వేదిక వెనక పెట్టాం. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకే పోతోంది. కూతకి కారణం అదే. పెద్దాయన వాటిని తీయించి, మా పాత కాలమ్ పెట్టెల్ని మైకుకి ముందు, మొదటి వరస పక్కన గోడలకి ఎత్తుగా కట్టి, కొద్దిగా జనం వైపు వంచారు. రూపాయి ఖర్చు కాలేదు. కూత సగం పోయింది.

తర్వాత పాస్టరుగారి చేతిలో మైకు చూపించి, అది నోటికి అడుగు దూరంలో ఉందన్నారు. మూడంగుళాలకి తీసుకురమ్మన్నారు. అసలు పొదుపు ఇక్కడే ఉందని నాకు తర్వాత తెలిసింది. దూరం సగమైన ప్రతిసారీ మైకుకి చేరే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అడుగు నుంచి ఆరంగుళాలకి, అక్కణ్నుంచి మూడంగుళాలకి అంటే 12. అదే 12 డెసిబెల్స్ ఆంప్లిఫైయరు వైపు నుంచి తెచ్చుకోవాలంటే వాట్లు 16 రెట్లు కావాలి. చెయ్యి కొంచెం దగ్గరికి జరిపితే వచ్చేదాన్ని నేను చిట్టీ పాడి కొనబోయాను.

మేం కొనాల్సింది ఇంకా కొంచెం మిగిలింది. మంచి డైనమిక్ మైకులు రెండు తీసుకున్నాం. కండెన్సర్ మైకుకైతే సాధారణంగా మిక్సరు నుంచి 48 వోల్టుల కరెంటు అందాలి. పైగా ఆ మైకు ఫ్యాన్ల చప్పుడుని కూడా బాగా పట్టుకుంటుంది. మా హాల్లో ఫ్యాన్లు ఆపలేం. వెనక గోడకి దళసరి గుడ్డని కుచ్చెళ్లు పోసి, గోడకి రెండంగుళాలు ఎడంగా వేలాడదీశాం. తీగలు మాత్రం పెద్దాయనే మా ఎదుట కూర్చుని అతికారు. కొసని చాకుతో ఒలిచి, చుట్టూ ఉన్న వల తీగని మెలిపెట్టి ఒక పక్కకి తీశారు. లోపల ఎర్రది, తెల్లది రెండు పోగులు. “రెండూ ఒకే గొంతుని మోస్తాయి, ఒకటి తిరగేసి మోస్తుంది. దారిలో కరెంటు గుయ్‌మనే మోత రెండింటికీ ఒకేలా అంటుకుంటుంది. ఆ చివర ఒకదాన్ని మళ్లీ తిరగేసి కలిపితే మోత మోతని చంపుతుంది, గొంతు మిగులుతుంది” అన్నారు. సీసం కరిగి పోగు మీద వెండి చుక్కలా నిలిచింది. మా యవ్వనస్థుల్లో ఇద్దరు ఆ పని నేర్చుకున్నారు. ఆ తర్వాత తీగ తెగితే రిపేరు ఖర్చు లేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్ 12న ఈస్టరు. పాటల పుస్తకాల దొంతర మీద ఫోను నిలబెట్టి యూట్యూబ్‌లో ఇచ్చాం. బొమ్మ బాగుంది, మాట నూతిలోంచి వచ్చినట్టుంది. దుకాణాలు తెరిచాక ఒక చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు, ఫోను స్టాండు కొన్నాం. మిక్సరు నుంచి వచ్చే బలమైన సిగ్నల్‌ని అది ఫోను తట్టుకునేలా అందిస్తుంది. డేటా లెక్క కూడా వేసుకున్నాం. 3 ఎంబీపీఎస్‌తో పంపితే గంటకి 1.35 జీబీ అవుతుంది. 1 ఎంబీపీఎస్‌తో 480పీ పంపితే గంటకి 450 ఎంబీ. రెండు గంటల ఆరాధన మామూలు రోజువారీ ప్యాక్‌లోనే సరిపోయింది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మా ఊరి ఆడవాళ్లు అక్కడి నుంచి విన్నారు.

తెర విషయం రెండేళ్ల తర్వాత చూశాం. చదవలేనివాళ్లున్న సంఘంలో చెవి ముందు, కన్ను తర్వాత. కిటికీలు తెరిచిన హాల్లో పగటిపూట మామూలు ప్రొజెక్టరు బొమ్మ వెలిసిపోతుందని, పంట కానుకలు వచ్చాక 24 వేలకి 43 అంగుళాల టీవీని నగదుకే కొన్నాం. పాటలు చూపించడానికి ఓపెన్‌ఎల్‌పీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడాం. పాత డీటీపీ ఫాంటుల్లో ఉన్న పాటలు అందులో గజిబిజిగా కనపడితే, ముగ్గురు ఆడపిల్లలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో మేం పాడేవన్నీ యూనికోడ్‌లో మళ్లీ టైపు చేశారు. తెరకి నాలుగు పాదాలు మించకుండా, వెనక వరసకి కనపడేంత పెద్ద అక్షరాలు.

ఆ పెద్ద స్పీకర్లు ఇప్పుడు ఆరుబయట కూటాలకి తీస్తాం, ఏడాదికి నాలుగుసార్లు. అలాంటివి అప్పట్లో రోజుకి రెండు వేలకి అద్దెకే దొరికేవి. అందుకే ఇప్పుడు ఏదైనా కొనే ముందు మూడు ప్రశ్నలు అడుగుతాం. వెనక వరసలో ఉన్నవాళ్లకి దీనివల్ల ఏం ఒరుగుతుంది? ఉన్నదాన్ని జరిపి చూశామా? ఏడాదికి ఎన్ని రోజులు వాడతాం? అప్పు తీరగానే రిపేర్ల కోసం పోస్టాఫీసులో నెలకి 500 ఆర్డీ మొదలుపెట్టాం. ఐదేళ్లకి అసలే 30 వేలు అవుతుంది. మైకు పోయినా ఇక చిట్టీ పాడక్కర్లేదు.

2021 జనవరిలో సంఘ కూడికలో ఆ మైకులోనే లెక్కలు చదివాను. మైకులు 6,000. తీగలు, కనెక్టర్లు 2,400. మైకు స్టాండు 1,200. గోడ గుడ్డ 4,800. సౌండ్ కార్డు 1,900. ఫోను స్టాండు 900. చదువుతుంటే వెనక గోడ దగ్గర మామ్మ వేళ్ల కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ కనపడింది. నేను పేజీ తిప్పేలోపే అక్కణ్నుంచే, “పదిహేడు వేల రెండొందలు” అంది. ఆమెకి చదువు రాదు. ఒక్క అంకె కూడా జారిపోకుండా విన్నది. మొదట్లో నేను చాలవనుకున్న ఆ 20 వేలలోనే ఇంకా 2,800 మిగిలింది.