చిట్టా ఎవరి చేతిలో వుంది?

తుపాకి కొన్నవాడి గుట్టు గురించి అభ్యుదయవాదులు ఎందుకు బాధపడాలని ఒక మిత్రుడు నన్నడిగాడు. అడగవలసిన ప్రశ్నే. అమెరికాలో తుపాకుల దుకాణాలకు క్రెడిట్ కార్డు కంపెనీలు ప్రత్యేకంగా ఒక సంకేత సంఖ్యను కేటాయించే విషయం మీద 2022 నుంచి పెద్ద రభస జరుగుతోంది. వ్యతిరేకిస్తున్నవారు తుపాకుల వ్యాపారులు, వారికి కొమ్ముకాసే అభివృద్ధి నిరోధకులు. సమర్థిస్తున్నవారు కాల్పులకు బలైన వారి కుటుంబాలు, ఉదారవాదులు. అలాంటప్పుడు మనం ఏ పక్షాన నిలవాలో వేరే చెప్పాలా అని ఆయన ఉద్దేశం. నాకు మాత్రం వ్యవహారం అంత తేలికగా కనిపించలేదు. ఎవరు కాదంటున్నారో చూసి మనం ఔననడం విమర్శ అనిపించుకోదు. విషయం లోపలికి పోయి చూడాలి.

ముందు సంగతులు. 2022 సెప్టెంబరులో జెనీవాలోని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ తుపాకులు, మందుగుండు అమ్మే దుకాణాలకు 5723 అనే సంఖ్యను ఆమోదించింది. అంతకు ముందు ఆ దుకాణాలు ఆటవస్తువుల దుకాణాల పద్దులోనో, ఇతరత్రా చిల్లర దుకాణాల పద్దులోనో కలిసిపోయి వుండేవి. దీనికోసం దరఖాస్తు పెట్టింది న్యూయార్కులోని అమాల్గమేటెడ్ బ్యాంకు. 1923లో దుస్తులు కుట్టే కార్మికుల సంఘం స్థాపించిన బ్యాంకు అది. 2016లో ఒర్లాండో నగరంలో ఒక నైట్‌క్లబ్బులో 49 మందిని చంపినవాడు అంతకు ముందు పన్నెండు రోజుల్లో 26 వేల డాలర్లకు పైగా కార్డుల మీద ఖర్చు పెట్టాడు. అందులో కొంత తుపాకులకూ తూటాలకూ పోయింది. ఆ కొనుగోళ్ళను బ్యాంకు పసిగట్టి పోలీసులకు చెప్పివుంటే కొన్ని ప్రాణాలయినా దక్కేవి కదా అన్నది వారి వాదన. ఇందులో నిజమైన ఆవేదన వుంది. దాన్ని తేలిక చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు.

వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీలు మొదట సరేనన్నాయి. రాష్ట్రాల శాసనసభల్లో వ్యతిరేకంగా బిల్లులు రావడంతో 2023 మార్చిలో వెనక్కు తగ్గాయి. అదే సంవత్సరం ఫ్లోరిడా ఆ సంఖ్య వాడకాన్ని నిషేధించింది. కాలిఫోర్నియా తప్పనిసరి చేసింది.

ఈ సంకేత సంఖ్య సంగతి నాకు విడమరచి చెప్పినవాడు హైటెక్ సిటీలో పనిచేసే నా పాత విద్యార్థి. ఏ దుకాణంవాడైనా కార్డులు తీసుకోవాలంటే బ్యాంకు అతనికి నాలుగంకెల సంఖ్య ఒకటి తగిలిస్తుంది. మందుల దుకాణానికి 5912. మద్యం దుకాణానికి 5921. పుస్తకాల దుకాణానికి 5942. మనం డబ్బు కట్టిన ప్రతిసారీ ఆ సంఖ్య మన పేరిట వున్న పద్దులోకి పోయి కూర్చుంటుంది. "మాకు మనిషి కనిపించడు సార్, సంఖ్యల వరస కనిపిస్తుంది. రోజూ వచ్చే వరస తప్పితే యంత్రం మాకు చెబుతుంది" అన్నాడు ఆ అబ్బాయి. మరి ఏం కొన్నారో తెలుస్తుందా అని అడిగాను. ఆ సంఖ్యనుబట్టి తెలియదన్నాడు. ఏ తరహా దుకాణమో, ఎంత సొమ్మో, ఎప్పుడో, అంతవరకే తెలుస్తుంది.

అంటే తుపాకుల దుకాణంలో, పిల్లల చేతికి అందకుండా తుపాకి దాచుకునే ఇనప్పెట్టె కొన్నవాడూ, అంతే ఖరీదుకు తూటాలు కొన్నవాడూ ఆ చిట్టాలో ఒక్కలాగే కనిపిస్తారు. అన్ని రకాల సరుకులూ అమ్మే పెద్ద అంగడిలో తుపాకి కొన్నవాడు అసలు కనిపించకపోవచ్చు. సంఖ్య చూసేది దుకాణాన్ని. మనిషిని గురించి చెప్పేదంతా ఆపైన అల్లిన ఊహ. ఆ ఊహ మీద ఆధారపడి ఒక బ్యాంకు గుమాస్తానో, యంత్రమో ఒక పౌరుడిని అనుమానితుల వరసలో నిలబెడుతుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పరు.

ఇది దూరదేశపు గొడవ అనుకోవడానికి మనకు వీల్లేదు. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుంచి ప్రపంచంలోని బ్యాంకుల పద్దులు ఎన్నో మన పిల్లల వేళ్ళకింద నుంచి నడుస్తున్నాయి. మన దేశంలోని బ్యాంకుల ఏ.టి.ఎం.లను ఒకదానితో ఒకటి కలిపిన వల కూడా 2004లో హైదరాబాదులోనే, రిజర్వుబ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధనా సంస్థలో తయారయింది. చిట్టా రాసేవాళ్ళలో మన ఇంటి పిల్లలున్నారు.

తుపాకుల విషయంలో మన దేశపు పద్ధతి ఏమిటి? ఇక్కడ ఎవరూ గుట్టుగా తుపాకి కొనడానికి చట్టం ఒప్పుకోదు. 1878లో లిట్టన్ ప్రభువు తెచ్చిన ఆయుధాల చట్టం ప్రజల మీద అపనమ్మకంతో పుట్టింది. దాని అమలులో తెల్లవారికి మినహాయింపు వుండేది. స్వతంత్ర భారతం 1959లో దాని స్థానంలో వేరే చట్టం చేసుకుంది. దాని ప్రకారం తుపాకి కావలసినవాడు లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలి. పోలీసు విచారణ జరుగుతుంది. కాదంటే అధికారి కారణం రాయాలి. ఆ నిర్ణయం మీద అప్పీలు చేసుకోవచ్చు. అమ్మినవాడు రిజిస్టరులో ఎక్కించాలి. ఇది నాకు సమ్మతమే. ప్రాణాంతకమైన వస్తువును సమాజం లెక్కలో పెట్టుకోవడం న్యాయం. ఆ లెక్క బహిరంగంగా, ప్రజలెన్నుకున్న సభ చేసిన చట్టం ప్రకారం, జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చి జరుగుతోంది.

అమెరికాలో జరిగింది దీనికి విరుద్ధం. 1986లో అక్కడ చేసిన చట్టం కేంద్రప్రభుత్వం తుపాకుల యజమానుల జాబితా తయారు చేయకుండా నిషేధించింది. ప్రభుత్వం పదిమంది ఎదుట చేయవలసిన పనిని తుపాకుల వ్యాపారులు చేయనివ్వలేదు. అదే పనిని లాభాలకోసం పుట్టిన కంపెనీల చేత దొడ్డిదారిన చేయించుకోవాలని ఉదారవాదులు చూశారు. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే వుంది.

దొడ్డిదారి ఎవరిని ఎటు తీసుకుపోతుందో చెప్పలేం. 2021 జనవరి 6న వాషింగ్టన్‌లో శాసనసభా భవనం మీద దాడి జరిగిన తరువాత, అక్కడి ఆర్థిక నేరాల నిఘా విభాగం ఖాతాదారుల పద్దుల్లో తుపాకుల దుకాణాలను, ఆటవస్తువుల దుకాణాలను ఎలా వెతకాలో బ్యాంకులకు సూచనలు పంపింది. 2024లో ఈ సంగతి బయటపడింది. దాడి చేసినవారి మీద నాకు ఏ సానుభూతీ లేదు. కాని బాట ఒకసారి పడ్డాక దాని మీద ఎవరిని నడిపించాలో అధికారంలో వున్నవాడే నిర్ణయిస్తాడు. ఇవాళ తుపాకుల దుకాణం వెతికినవాడు రేపు సమ్మెనిధికి ఎవరు చందా ఇచ్చారో, ఏ పత్రికకు ఎవరు డబ్బు కట్టారో వెతకలేడా? ఇటువంటి పత్రిక చదివేవారికి ఆ భయం కల్పితమని నేను చెప్పలేను.

తెలంగాణ ప్రజలకు చిట్టా అంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కరలేదు. ఊళ్ళో ఎవరి భూమి ఎంతో, ఎవరి శిస్తు ఎంతో పట్వారీ దస్త్రంలో వుండేది. రైతు దాన్ని చదవలేడు. చదవగలిగినా అడిగే ధైర్యం లేదు. పట్వారీ కలం ఒకసారి ఇటునుంచి అటు కదిలితే ఒక కుటుంబం భూమి పోయేది. ఆ వ్యవస్థ 1984 జనవరిలో గాని రద్దు కాలేదు. ఇక తుపాకుల మాట. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగినప్పుడు దొర గడీలో తుపాకులున్నాయన్న సంగతి ఊళ్ళో తెలియనివారు లేరు. తెలిసినందువల్ల కొమురయ్య బతకలేదు. రైతుల చేతుల్లో వడిసెలలు, దొరల చేతుల్లో తుపాకులు వున్న రోజుల్లో లోపించింది సమాచారం కాదు. ఆ సమాచారాన్నిబట్టి దొరను నిలదీయగల చట్టం, అధికారం.

పట్వారీ పోయాడు. దస్త్రం పోయిందా? 2014 ఆగస్టు 19న తెలంగాణలో ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిపారు. ఆ తరువాత ప్రభుత్వశాఖల దగ్గర వున్న జాబితాలన్నిటినీ కలిపి చూసే 'సమగ్ర వేదిక' వచ్చింది. 2014, 2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా రేషను కార్డులు రద్దయ్యాయి. జాబితాలు కలిపే ఆ యంత్రానికి అందులో పాత్ర వుంది. రిక్షా తొక్కి బతికి చనిపోయిన ఒక మనిషిని, పేరు కలిసినందుకు, కారున్న ఇంకొకాయనగా లెక్కకట్టారు. అతని భార్యకు బియ్యం రాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశిస్తే గాని రద్దయిన కార్డులను ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ పరిశీలించే పని జరగలేదు. దుకాణం సంఖ్యనుబట్టి మనిషిని ఊహించే పద్ధతికీ, పేరునుబట్టి కారును ఊహించిన పద్ధతికీ తేడా నాకు కనిపించదు. ఊహ తప్పినప్పుడు నష్టపోయేది ఎప్పుడూ కింద వున్నవాడే.

కంపెనీల చేతుల్లో చేరిన చిట్టా భద్రంగా వుంటుందన్న నమ్మకం కూడా లేదు. 2023 మార్చిలో సైబరాబాదు పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలను అమ్ముతున్న ముఠాను పట్టుకున్నారు. ఆ మరుసటి వారమే 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు ఒక్కడి దగ్గర దొరికాయన్నారు. సైనికోద్యోగులు, విద్యార్థులు, క్రెడిట్ కార్డులున్నవారు, ఇలా మనుషులను తరగతులుగా విడదీసి, కూరగాయల బుట్టల్లాగా అమ్మకానికి పెట్టారు.

నా అనుభవం ఒకటి మనవి చేస్తాను. మా ఇంట్లో జబ్బు చేసి మూడు నెలలపాటు మందుల దుకాణంలో కార్డు మీద ఎక్కువగా ఖర్చు పెట్టవలసి వచ్చింది. నాలుగో నెలలో ఒక అమ్మాయి ఫోనుచేసి, "ఈ మధ్య మీకు వైద్యఖర్చులు పెరిగినట్టున్నాయి సార్, అప్పు ఏమైనా కావాలా?" అని అడిగింది. ఆమె గొంతులో మర్యాదే వుంది. ఆమె ఉద్యోగమే అది. కాని మా చుట్టాలకు కూడా చెప్పుకోని జబ్బు సంగతి నాకు ముక్కూ మొహమూ తెలియని మనిషికి ఎలా తెలిసిందో ఆమె చెప్పలేకపోయింది.

మన మిత్రులు కొందరు ఇంకో మాట అంటారు. వ్యక్తిగత గోప్యత మధ్యతరగతివాడి విలాసమనీ, దాచుకోవడానికి ఏమీలేని పేదవాడికి దానితో పనేమిటనీ. కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో ప్రహరీలు కట్టుకున్న నివాస సముదాయాల గేటు దగ్గర ఒక ఉదయం నిలబడి చూస్తే ఈ మాటకు జవాబు దొరుకుతుంది. ఇంటిపనికి వచ్చే ఆమె ఫోటో, రాకపోకల వేళలు, ఎన్ని ఇళ్ళలో చేస్తోందో అన్నీ యజమానుల ఫోనుల్లో వుంటాయి. యజమాని గురించి ఆమెకు తెలిసేది ఫ్లాటు నంబరు. నిఘా ఎప్పుడూ పైనుంచి కిందికే చూస్తుంది. కాబట్టి గోప్యత పేదవాడికే ఎక్కువ అవసరం.

న్యాయస్థానాల్లో ఈ హక్కు కోసం మొదట గొంతెత్తినవారిలో మన తెలుగువాడున్నాడు. ఖరక్ సింగ్ అనే వ్యక్తి ఇంటికి పోలీసులు అర్ధరాత్రిళ్ళు వచ్చి తలుపు తట్టే పద్ధతి మీద 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ రాత్రి సోదాలను కొట్టివేసింది గాని, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నది. రాజమహేంద్రవరంలో పుట్టిన కోకా సుబ్బారావుగారు దానితో విభేదించారు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమన్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ మాటే ఖాయం చేయడానికి యాభై అయిదేళ్ళు పట్టింది.

మన చర్చకు ఇంకా దగ్గరి కేసు హైదరాబాదుదే. బ్యాంకుల్లోని దస్తావేజులను కలెక్టరు అనుమతించిన ఏ మనిషైనా తనిఖీ చేయవచ్చునని 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టాన్ని సవరించింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకూ కలెక్టరుకూ, కెనరా బ్యాంకుకూ మధ్య ఆ వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఖాతాదారు తన కాగితాలను బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన వాటి మీద అతని గోప్యత హక్కు పోదని 2004 నవంబరు 1న కోర్టు చెప్పింది. ఆ సెక్షను చెల్లదన్నది. అమెరికా సుప్రీంకోర్టు 1976లో దీనికి సరిగ్గా ఎదురు తీర్పు ఇచ్చి వుంది. అక్కడ బ్యాంకుకు చెప్పిన మాట మీద ఖాతాదారుకు రాజ్యాంగ రక్షణ లేదు. ఈ ఒక్క విషయంలో మన న్యాయం వారికంటే ఒక అడుగు ముందున్నది.

ఆ అడుగును పార్లమెంటు వెనక్కు లాగింది. 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో, దేశభద్రత, శాంతిభద్రతల పేరు చెప్పి కేంద్రం తనకు కావలసిన ప్రభుత్వ సంస్థలను మినహాయించుకునే అధికారం వుంచుకున్నది. అదే చట్టం చేత్తో సమాచార హక్కు చట్టాన్ని కుదించింది. ప్రజల వివరాలు ప్రభుత్వానికి కనిపిస్తాయి. ప్రభుత్వ వివరాలు ప్రజలకు కనిపించవు.

కనుక మిత్రుడికి నా జవాబు ఇది. తుపాకుల మీద కట్టుదిట్టమైన చట్టాలు కావాలి. ఆ రిజిస్టరు ప్రజలకు జవాబుదారీగా వున్న ప్రభుత్వం దగ్గర, చట్టం గీసిన హద్దుల్లో వుండాలి. కార్డు కంపెనీ చిట్టా దానికి బదులు కాదు. మన ఖర్చులకు ఏ సంఖ్య తగిలించారో, దాన్ని ఎవరెవరికి చూపారో అడిగి తెలుసుకునే హక్కు మనకు వుండాలి. తప్పుంటే దిద్దించుకునే హక్కు వుండాలి. న్యాయస్థానం ఉత్తర్వు లేకుండా పోలీసులకు ఆ పద్దులు అందకూడదు. ఈ కోరికలను తుపాకుల వ్యాపారుల నోటికి వదిలిపెట్టి మనం ఊరుకుంటే, వారు తుపాకిని కాపాడుకుంటారు. గోప్యతను కాపాడేవాడు మిగలడు. హైటెక్ సిటీ అద్దాల మేడల్లో ఆ చిట్టాలు రాసే యువకులు కూడా కార్మికులే. ఈ మాట వారి దగ్గరకు తీసుకుపోవలసిన బాధ్యత విద్యార్థులమీద, ఉపాధ్యాయులమీద వుంది.