అబ్బాజాన్ సంతకం

ఒక రోగమున్న మనిషికి ఒక వైద్యుడుంటాడు. నాలుగు రోగాలున్న మనిషికి నలుగురు వైద్యులుంటారు, కాని ఆ నలుగురూ ఒకరినొకరు ఎరుగరు. ఈ సంగతి నేను గ్రంథాలలో చదువలేదు. మా అబ్బాజాన్ మందుల డబ్బా చూచి తెలిసికొన్నాను.

అది పాత బిస్కెట్ల డబ్బా. అందులో మధుమేహానికి రెండు రకాల మాత్రలు, రక్తపోటుకు రెండు, కొలెస్టరాలుకు ఒకటి, మోకాళ్ళ నొప్పికి ఒకటి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని ఒక మందుల కర్మాగారంలో ఆయన ఇరువది ఏడు సంవత్సరాలు పనిచేశారు. మందుపొడిని డ్రమ్ములలోనికి ఎత్తి, తూచి, మూత బిగించి పంపడం ఆయన పని. ఆ పొడి ఏ దేశం చేరి ఏ మాత్రగా మారేదో ఆయనకు తెలియదు. సాయంకాలం ఆయన చొక్కా వాసననుబట్టి ఆనాడు ఏ మందు తయారైనదో అమ్మీ మాత్రం చెప్పగలిగేది.

రెండేండ్ల క్రిందట హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో, మధుమేహానికి ఒక కొత్త మందుపై పరిశోధన జరుగుతున్నదనీ, చేరితే పరీక్షలూ, మందులూ, రానుపోను ఖర్చులూ ఉచితమనీ చెప్పారు. అబ్బాజాన్ ముఖం వికసించింది. ఆయన పింఛనులో ఎంత భాగం మందుల దుకాణానికి పోతున్నదో నాకు తెలుసు. ఒక యువకుడు ఇరువది పుటల పత్రం తెచ్చి, నేరుగా చివరి పుట తెరచి, "ఇక్కడ సంతకం చేయండి చాచా" అన్నాడు. పత్రం ఇంగ్లీషులోను, తెలుగులోను ఉన్నది. అబ్బాజాన్ చదువుకొన్నది ఉర్దూ. ఉర్దూ ప్రతి లేదా అని అడిగాను. "ఆయనకు తెలుగు వచ్చు కదా సార్!" అని అతని సమాధానం.

సంతలో మాట్లాడే తెలుగు వేరు, ఆ పత్రంలోని తెలుగు వేరు. తెలుగులో ఎం.ఏ. చేసిన నేనే "యాదృచ్ఛికీకరణ" అన్న మాట దగ్గర ఆగిపోయాను. పత్రం ఇంటికి తీసికొని పోతామంటే అతడు ముఖం చిట్లించి ఇచ్చాడు. అది దయ కాదు, హక్కు. మన దేశంలో 2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్సు నిబంధనల ప్రకారం, చేరబోయేవారికి అర్థమయ్యే భాషలో అంతా వివరించి వ్రాతపూర్వకంగా సమ్మతి పొందాలి. చదువలేనివారి పక్షాన నిష్పాక్షికుడైన సాక్షి ఉండాలి. పరిశోధన వలన హాని కలిగితే చికిత్సయేగాక నష్టపరిహారమూ ఇవ్వాలి. ఎప్పుడు కావాలన్నా వైదొలగవచ్చును.

ఆ రాత్రి మంచంమీద ఆయన, క్రింద చాపమీద నేను. ఒక్కొక్క వాక్యం చదివి మా ఇంటి ఉర్దూలో చెప్పసాగాను. యాదృచ్ఛికీకరణ అంటే చిట్టీలు వేయడమన్నాను. కొందరికి కొత్త మందు వస్తుంది, కొందరికి అచ్చం అట్లాగే కనిపించే, మందులేని మాత్ర వస్తుంది. ఎవరికి ఏది వచ్చినదో రోగికీ తెలియదు, వైద్యునికీ తెలియదు. "ఇప్పటి మందులు ఆపుతారా?" అని అడిగారు. ఆపరన్నాను. "నడుమ మానుకొంటే డాక్టర్‌సాబ్ కోపగిస్తారా?" ఆ ప్రశ్నకు పత్రంలో జవాబున్నది గాని, ఆయన కళ్ళలోని జంకుకు లేదు.

అమ్మీ ఒక్క మాటే అన్నది: "ఖమ్మం ఆడపిల్లల సంగతి మరచితిరా?" 2009లో ఖమ్మం జిల్లాలో పది నుండి పద్నాలుగేండ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకా వేశారు. కొందరు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం నిలిపివేశారు. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణలో కనిపించలేదు. కాని ఎన్నో సమ్మతి పత్రాలమీద తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకం చేసిన సంగతి బయటపడింది. అమ్మీ భయమంతా ఆ సంతకాన్ని గురించియే.

పదునాలుగవ పుటలో ఎవరిని చేర్చుకొనరో వ్రాసి ఉన్నది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు. నిత్యం నొప్పిమాత్రలు వాడేవారు. అబ్బాజాన్‌కు క్రియాటినిన్ కొద్దిగా పెరిగిందని వేరొక వైద్యుడు అంతకుముందే చెప్పి ఉన్నాడు. మామూ వెంటనే ఉపాయం చెప్పాడు: "రెండు వారాలు నొప్పిమాత్ర మానితే పరీక్షలో గట్టెక్కవచ్చు. తరువాత మళ్ళీ వేసికో. ఎవరు చూడవచ్చారు?" మిగిలే సొమ్ము నేనూ ఒక్క క్షణం లెక్కవేసికొన్నానని ఒప్పుకొంటున్నాను.

అబ్బాజాన్ నవ్వారు. "డ్రమ్ముమీద వ్రాసిన బరువు, లోపలి బరువు ఒకటి కాకపోతే బ్యాచి మొత్తం వెనక్కి వచ్చేది. అక్కడ నేనూ ఒక డ్రమ్మునే కదా!"

మరునాడు ఆయన ఉన్నదున్నట్లు చెప్పారు. యువకుడు పేరు కొట్టివేశాడు.

బలహీనులను దూరంగా ఉంచడం వారి రక్షణ కొరకే, ఫలితం స్పష్టంగా తేలడం కొరకే. అది నేను కాదనను. అమెరికాలో 9361 మందితో జరిగి 2015లో వెలువడిన ప్రఖ్యాత రక్తపోటు పరిశోధన 'స్ప్రింట్'లో సైతం మధుమేహమున్నవారికి చోటు లేదు. కాని మందు అంగడికి వచ్చిన పిదప దానిని మ్రింగేది ఎవరు? మా అబ్బాజాన్ వంటివారే కదా! అందరూ ఇట్లాగే చేస్తారనీ అనలేము. విశాఖపట్టణం, చెన్నై, బెంగుళూరు, ఢిల్లీ నగరాలలో మధుమేహమూ, మానసికమైన క్రుంగుబాటూ రెండూ ఉన్న 404 మందిని కోరి చేర్చుకొని ఒక పరిశోధన జరిపారు. అందులో కొత్త మందు లేదు. రోగి బాగోగులు కనుక్కొనే ఒక మనిషి, అతని వెనుక కలిసి ఆలోచించే వైద్యులు ఉన్నారు. 2020లో వెలువడిన ఫలితాల ప్రకారం, మనస్సు, శరీరం రెండూ కుదుటపడినవారు ఆ పద్ధతిలో నూటికి 71 మందికి పైగా, మామూలు చికిత్సలో 57 మంది.

మాకు అటువంటిది దొరకలేదు. తిరిగి వస్తూ సంగారెడ్డిలో మాకు తెలిసిన వైద్యుని ముందు డబ్బా బోర్లించాము. ఆయన అన్నీ ఒకచోట చూడడం అదే మొదటిసారి. నొప్పిమాత్ర తీసివేసి, మిగిలినవాటి పట్టిక వ్రాసి ఇచ్చారు. ఇంటికి రాగానే అబ్బాజాన్ దాని క్రింద తన చేతితో ఉర్దూలో మరల వ్రాసికొని, చివర సంతకం చేసి, డబ్బా మూతకు అంటించారు.