‘ఫిట్’ అని రాసిన కాగితం

నేను దుబాయిలో ఒక కాంట్రాక్టింగ్ కంపెనీలో టైం ఆఫీసు క్లర్కుని. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. ఇంటర్ అయ్యాక కొన్నాళ్లు ఊళ్లోనే తిరిగి, 2013లో ఇక్కడికి వచ్చాను. హాజరు రాయడం, ఓవర్‌టైం లెక్క కట్టడం, వీసా రెన్యువల్ మెడికల్‌కు మనుషుల్ని పంపి వాళ్ల కాగితాలు ఫైల్లో పెట్టడం నా పని. ‘ఫిట్’ అని వచ్చిన కాగితాలు కొన్ని వందలు నా చేతి మీదుగా పోయాయి. మా గదిలో ఉండే అన్నది కూడా నేనే ఫైల్లో పెట్టాను. పెట్టిన నాలుగు నెలలకు, 2023 డిసెంబరులో, ఆయనకు గుండెపోటు వచ్చింది.

అన్నది నిజామాబాద్ జిల్లా. స్టీల్ ఫిక్సర్. అప్పటికి నలభై ఒక్క ఏళ్లు. తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సుకు తయారవుతూ మంచం మీద కూలబడ్డాడు. “తమ్మీ, గ్యాస్ పట్టినట్టున్నది. రాత్రి మటన్ అరగలే” అన్నాడు. మేమూ అదే అనుకున్నాం. ఒకరు ఈనో కలిపారు, ఒకరు సోడా తెచ్చారు, నేను వీపు రుద్దాను. డిసెంబరు చలిలో ఆయన బనియన్ చెమటకు తడిసిపోయింది. ఎడమ చెయ్యి గుంజుతోందన్నాడు, దవడ నొస్తోందన్నాడు. అయినా మాకు తట్టలేదు. ముప్పావు గంట అలాగే పోయింది. బస్సు నడిపే పఠాన్ భాయ్ గదిలోకి వచ్చి ఒక్క చూపు చూసి, “ఇది గ్యాస్ కాదు, 998కి ఫోన్ చెయ్” అని నా మీద కేకేశాడు. అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో స్టెంట్ వేశారు. అన్న బతికాడు. కానీ ఆ ముప్పావు గంటలో గుండె కండరం కొంత దెబ్బతిన్నదని, ఇక ఇనుము మోసే పని వద్దని చెప్పారు.

ఆ రోజు ఆసుపత్రిలో ఫారం నింపింది నేనే. మలయాళీ డాక్టరుగారు హిందీలో ఒక్కొక్కటే అడుగుతున్నారు. సిగరెట్ తాగుతాడా? రోజుకు ఒక పెట్టె. సుగర్ ఉందా? తెలియదు. బీపీ? తెలియదు. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు? తెలియదు. నిద్ర ఎంత? ఐదు గంటలు. అప్పులున్నాయా? ఈ ప్రశ్నకు డాక్టరు వైపు చూశాను. గుండెకూ అప్పుకూ సంబంధం ఏమిటని. “ఉంది, రాయి” అన్నారాయన.

నేను ఉండబట్టలేక అడిగాను. “సార్, రోజంతా కష్టపడే మనిషి. కంపెనీ మెడికల్‌లో ఫిట్ వచ్చింది. ఇట్లెందుకయింది?”

డాక్టరుగారు ఒక కాగితం వెనక బొమ్మ గీసి చెప్పారు. గుండె కూడా ఒక కండరమే. దానికి రక్తం తెచ్చే నాళాల లోపలి గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. పొగాకు, ఎక్కువ బీపీ, సుగర్ ఆ గోడను పాడుచేస్తూ పోతాయి. నాళం సగం మూసుకున్నా మనిషికి తెలియకపోవచ్చు. ఒకరోజు ఆ కొవ్వు పొర చిట్లుతుంది, దాని మీద రక్తం గడ్డకడుతుంది, దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు. చెమట పట్టేలా పని చేసినంత మాత్రాన సిగరెట్ చేసే చెడు పోదట. ఇక వీసా మెడికల్‌లో చూసేది ముఖ్యంగా హెచ్ఐవీ, క్షయ లాంటి అంటువ్యాధులు. అందులో ఫిట్ అంటే గుండె రక్తనాళాలు బాగున్నాయని కాదు.

ఇన్నేళ్లుగా ఆ కాగితాలు ఫైల్ చేస్తున్న నాకే ఈ సంగతి తెలియదు.

ఇంకో మాట కూడా చెప్పారు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పరిశోధన 2004లో ప్రచురితమైంది. అందులో తొలి గుండెపోటు వచ్చిన వయసు మన దక్షిణాసియా వాళ్లలో సుమారు 53 అయితే, మిగతా దేశాల వాళ్లలో సుమారు 59. కారణాలు మాత్రం అందరికీ దాదాపు అవే: పొగాకు, చెడు కొలెస్ట్రాల్, బీపీ, సుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, మనసు మీద ఒత్తిడి, పండ్లు కూరగాయలు తక్కువ తినడం, వ్యాయామం లేకపోవడం. మన వాళ్లకు ఇవి ముందే మొదలవుతున్నాయి.

ఆయన చెబుతుంటే నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను, అన్నవి కాదు, నావి. అన్న కనీసం మెట్లెక్కుతాడు. నేను పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలోనే. నాలుగు చాయలు, ప్రతి చాయలో రెండు చెంచాల చక్కెర. రాత్రి పదికి అన్నం, పచ్చడి, వేపుడు, వెంటనే పడక.

మర్నాడు నేనూ పరీక్ష చేయించుకున్నాను. దుబాయిలో ఉద్యోగికి ఆరోగ్య బీమా కంపెనీయే చేయించాలి, అది చట్టం. ఆ కార్డు ఏళ్లుగా నా పర్సులో ఉంది, పంటి నొప్పికి తప్ప తీయలేదు. బీపీ 150/96. పరగడుపున సుగర్ 118, అంటే జబ్బు గడప దగ్గర ఉన్నట్టు. నడుము కొలత 98 సెంటీమీటర్లు. మన మగవాళ్లకు 90 దాటకూడదట. నాకు ముప్పై ఆరేళ్లు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. మా నాయన యాభై రెండేళ్లకు పొలం గట్టు మీద పోయాడు. గాలి సోకిందని ఊళ్లో అన్నారు, నేనూ అదే అనుకున్నాను. అందుకే ఏ ఫారంలోనూ ‘కుటుంబంలో గుండె జబ్బు’ అన్న గడిలో లేదనే రాశాను. “ఆ పొద్దు నాయన ఏమన్నడమ్మా?” అని అడిగాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. “ఛాతీల బరువున్నదన్నడు బిడ్డా. చెమటలు పట్టినయ్. గ్యాసనుకొని సోడా తాగిచ్చిన. జరంత తక్కువైందని పొలం పోయిండు” అంది.

తండ్రికో అన్నదమ్ములకో యాభై ఐదేళ్ల లోపు గుండె జబ్బు వస్తే మనకూ ముప్పు ఎక్కువని డాక్టరు చెప్పారు. ఆ మాట అమ్మకు చెప్పలేదు. నా భార్యకు మాత్రం చెప్పాను. ఏడ్చింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత రోజూ రాత్రి “నడిచినవా?” అని అడుగుతోంది. బీపీ గోలీ వేసుకుంటున్నాను. చాయలో చక్కెర మానేశాను. పచ్చడి ఇంకా పూర్తిగా మానలేకపోయాను.

అన్న ఊరికి వెళ్లిపోయాడు. కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. సిగరెట్ మానేశాడు. మానేసిన ఏడాదికే ఆ అదనపు ముప్పు సగానికి తగ్గుతుందట.

మిత్రులారా, ఛాతీలో బరువు, చెమట, చేతికో దవడకో పాకే నొప్పి, ఆయాసం ఉంటే సోడా వెతకకండి. సుగర్ ఉన్నవాళ్లకు నొప్పి అంతగా తెలియకపోవచ్చు కూడా. ఎమిరేట్స్‌లో 998, కువైట్‌లో 112, సౌదీలో 997, ఖతర్, బహ్రెయిన్‌లలో 999, ఒమన్‌లో 9999. ఈ నంబరు గది తలుపు మీద రాసిపెట్టుకోండి. మా గది తలుపు మీద మార్కర్‌తో నేను రాశాను. ఈ నెల జీతం పడ్డాక ఇంటికి డబ్బు పంపే రోజునే బీపీ, సుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. ఊరికి ఫోన్ చేసినప్పుడు, మీ నాయన ఎట్లా పోయాడో ఒకసారి అమ్మను అడగండి.