బెంగుళూరు నీరు, కోలారు చెరువు

బెంగుళూరు నుండి చెన్నై దారి పట్టి తూర్పుగా దాదాపు 70 కిలోమీటర్లు సాగితే కోలారు వస్తుంది. బంగారు గనుల వలన ప్రసిద్ధి చెందిన ఈ జిల్లాకు అసలు సంపద చెరువులే. జీవనది లేని ఈ గడ్డపై పూర్వులు వేలకొలది చెరువులు తవ్వించి, ఒకదాని అలుగు నీరు దిగువనున్న మరొకదానికి చేరేలా గొలుసుకట్టుగా అమర్చారు. గనులు 2001లో మూతపడ్డాయి. చెరువులు అంతకు ముందే ఎండనారంభించాయి. బోరుబావులు వెయ్యి అడుగులు దాటాయి. అంత లోతున దొరికే నీటిలో ఫ్లోరైడు.

పొరుగుననే ఉన్న బెంగుళూరు మహానగరం సుమారు 100 కిలోమీటర్ల దూరాన గల కావేరి నుండి నీటిని ఎత్తిపోసుకొని, వాడుకొని, మురుగుగా వదులుతుంది. ఆ మురుగును శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపడమే కోరమంగల-చల్లఘట్ట లోయ పథకం. వాడుకలో కె.సి. వ్యాలీ అంటారు. రోజుకు 440 మిలియన్ లీటర్లతో 126 చెరువులు నింపాలని సంకల్పం. పంపుల నడుమ జీవితం గడిపిన మాకు దీనిని కళ్లారా చూడాలనిపించడం సహజమే కదా!

2018 జూన్‌లో తొలి నీరు చేరిన లక్ష్మీసాగరం చెరువు కట్టపై నిలిచాము. నీటిపై కొంగలు, ఆవలి గట్టున పచ్చని పొలాలు. అక్కడ కలిసిన ఒక పెద్దాయన, ఈ ప్రాంతంలో అనేకుల వలెనే, చక్కని తెలుగులో మాట్లాడారు. ఎండిన బావిలో మళ్లీ నీరు చూశామన్నారు. ఆ వెంటనే, ఈ నీరు మంచిదేనా అని మమ్మల్నే అడిగారు. భూమిలోకి ఇంకడానికే గాని త్రాగడానికి కాదని చెప్పాము. ఆయన ముఖంలో సంతృప్తి కనబడలేదు.

ఆ సందేహం అకారణం కాదు. 2018 జులైలో ఇదే చెరువులో నురుగు తేలింది. హైకోర్టు కొంతకాలం నీటి విడుదలను నిలిపివేసింది. వివాదం 2019లో సుప్రీంకోర్టుకు చేరింది. అనంతరం నీరు మళ్లీ ప్రవహించింది. చెరువుల సమీపాన భూగర్భజల మట్టం పెరిగినట్లు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు గుర్తించారు.

అయితే ఈ నీటికి జరిపేది రెండవ దశ శుద్ధి మాత్రమే. గాలి నింపిన తొట్లలో సూక్ష్మజీవులు సేంద్రియ మలినాలను తినివేస్తాయి. నత్రజని, భాస్వరం కొంత మిగిలిపోతాయి. అవే చెరువులో నాచుకు ఎరువు. నేల వడపోస్తుంది, నిజమే, కాని దాని శక్తికీ ఒక హద్దు ఉంటుంది. మూడవ దశ శుద్ధి కావాలని కోలారు రైతులు కోరుతున్నది ఇందుకే. ఇంజనీర్లుగా మేము వారి పక్షమే. ఖర్చు అధికమే, కాని ఆ ఖర్చు నీటిని వాడి వదిలిన నగరమే భరించాలి. పరీక్షల ఫలితాలను ప్రతి చెరువు కట్టమీదా కన్నడంలోను, తెలుగులోను నెలనెలా వ్రాసి ఉంచడానికి మాత్రం పెద్ద వ్యయమేమీ కాదు.