శాసనము చెప్పినది, చెప్పనిది

చరిత్రను ధర్మగ్రంథమువలె చదువువారు మనలో గలరు. కట్టుకథవలె త్రోసివేయువారును గలరు. మొదటివారు అచ్చులో కనబడిన ప్రతి వాక్యమును సత్యమని నమ్ముదురు. రెండవవారు రాజులు వ్రాయించుకొన్నది రాజుల పొగడ్తయే గదా యని పెదవి విఱుతురు. ఈ రెండు మార్గములును సులభములే. ఆలోచింప నక్కఱలేదు గావున సులభములు. మధ్యయుగపు వ్రాతలను చదువుటకు మూడవ మార్గ మొకటి గలదు. ఈ వ్రాతను ఎవరు వ్రాయించిరి, ఎవరి సొమ్ముతో వ్రాయించిరి, దేనికొఱకు వ్రాయించిరి యని ముందుగా అడిగి, పిదప అది చెప్పిన మాటను తూచి చూచుటయే ఆ మార్గము. ఇది పండితులకే తగినది, గృహస్థులకు దీనితో పనిలేదని కొందఱందురు. మా అభిప్రాయము వేఱు. పొరుగుననున్న అన్యమతస్థునిగూర్చి మన పిల్లల మనస్సులో తొలి ముద్ర పడునది తఱచుగా చరిత్ర పాఠమునుండియే. కావున ఈ విద్య ప్రతి యింటను ఉండవలసినదని మా నమ్మకము.

దృష్టాంతమునకై మనము దూరము పోనక్కఱలేదు. కాకతీయ రాజ్యపు కడపటి ఇరువది సంవత్సరములను చూతము. 1303లో ఢిల్లీ సేన తొలిసారి తెలుగుదేశముమీదికి వచ్చి విఫలమై మరలెను. 1310లో మాలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించి, అపారధనమును గైకొని తిరిగిపోయెను. 1323లో ఉలుగ్ ఖాను, అనగా తరువాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అను పేర ఢిల్లీ సింహాసన మెక్కినవాడు, కోటను పట్టుకొనెను. ప్రతాపరుద్రుడు బందీయయ్యెను. ఇంతవరకు వివాదము లేదు. కాని ఈ యుద్ధములు దేనికొఱకు జరిగినవి, ఓడినవారి గతి యేమి, రాజు ఎట్లు మరణించెను అని అడిగినచో ఒక్కొక్క వ్రాత ఒక్కొక్క సమాధానము చెప్పును.

1310 నాటి ముట్టడిని వర్ణించినవారిలో అమీర్ ఖుస్రో ముఖ్యుడు. ఆయన గొప్ప కవి. ఢిల్లీ ఆస్థానము నాశ్రయించియున్నవాడు. ఆయన పారసీక గ్రంథము పేరు ఖజాయిన్-ఉల్-ఫుతూహ్. విజయముల బొక్కసములని దాని అర్థము. పేరే ఉద్దేశమును చెప్పుచున్నది. అలంకారములతో నిండిన ఆ వచనములో దండయాత్ర దైవకార్యమువలె వెలుగును. ఓరుగల్లు రాజు తన రూపమును బంగారముతో పోతపోయించి, దాని మెడకు బంగారు గొలుసు తగిలించి, లొంగుబాటునకు గుర్తుగా పంపెనని ఆయన వ్రాసెను. ఇదే దండయాత్రను జియాఉద్దీన్ బరనీ 1357 ప్రాంతమున, ముదిమిలో, ఆస్థానాదరము పోగొట్టుకొని, లేమిలో నుండి వ్రాసెను. సుల్తాను తన సేనానికి చేసిన బోధ ఆయన గ్రంథములో కలదు. రాజు తన ధనమును, ఏనుగులను, గుఱ్ఱములను ఇచ్చి, మీదటి సంవత్సరమునకు కూడ కప్పము నొప్పుకొన్నచో, అంతటితో తృప్తిపడవలెను గాని అతనిని మిక్కిలి నొక్కవలదని దాని తాత్పర్యము.

పాఠకులు ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూతురుగాక. ఇద్దఱు రచయితలును ఒకే పక్షమువారు, ఒకే మతమువారు, చెప్పినది ఒకే యుద్ధము. ఒకని పుటలో మతము ముందు నడచుచున్నది. మఱియొకని పుటలో బొక్కసపు లెక్క నడచుచున్నది. ఖుస్రో గ్రంథమొక్కటియే మనకు మిగిలియుండిన యెడల ఆ దండయాత్ర మతము కొఱకే జరిగినదని మన పిల్లలకు నేర్పియుందుము. సేనను కదలించినది ధనాశ. ఆ సేనను కీర్తించినది మతభాష. ఈ భేదమును గుర్తింపనివాడు కీర్తించినవాని మాటనే కారణమని భ్రమపడును.

ఈ లక్షణము పారసీక గ్రంథములకే చెందినదని ఎవరైన సంతోషింపబోయినచో వారిని కొంచె మాగుమందుము. మన సంస్కృత శాసనములును ఇట్టివే. కాకతీయులు దేవగిరి యాదవులతోను, కళింగ గాంగులతోను, పాండ్యులతోను పోరాడిరి. వీరెవ్వరును తురుష్కులు కారు. అయినను ఆ యుద్ధముల ప్రశంసలయందు శివుని అనుగ్రహమే విజయకారణముగా కనబడును. గెలిచిన ప్రతివాడును తన దైవమునే సాక్షిగా పిలుచుకొనెను. ఓడినవాని దైవమేమి చేయుచుండెనో ఏ శాసనమును చెప్పదు.

ఇప్పుడు కోట పడిన పిదపటి సంగతికి వత్తము. ముసునూరి ప్రోలయ నాయకుడు కోనసీమయందలి విలస గ్రామమును ఒక బ్రాహ్మణునికి దానము చేయుచు వ్రాయించిన తామ్రశాసనము కలదు. ప్రతాపరుద్రుని మరణానంతరము తెలుగుదేశమునకు కలిగిన దురవస్థను అది దీర్ఘముగా వర్ణించును. దేవాలయములు పడిపోయినవట, అగ్రహారములు అపహరింపబడినవట, కాపులు పండించిన పంట వారికి దక్కలేదట. చదివిన వారికి హృదయము ద్రవింపక మానదు. ఆ దుఃఖము కల్పితమని మేము చెప్పము. ఓరుగల్లు కోటలో నేలబారుగా పడియున్న స్వయంభూదేవాలయ శిథిలములను, వాని నడుమ ఇప్పటికిని నిలిచియున్న నాలుగు తోరణములను చూచిన యెవ్వడును అట్లనజాలడు. అయితే ఆ రాగిరేకుల పని వేఱొకటి కూడ గలదు. ప్రోలయ కాకతీయవంశజుడు కాడు. పూర్వరాజుల వారసత్వము లేనివానికి భూమిని దానముచేయు అధికారమెట్లు వచ్చెను? లోకము చీకటిలో మునిగియుండగా ఇతడు ఉదయించెనను వర్ణనయే అందులకు సమాధానము. చీకటి యెంత దట్టమైనచో ఉదయమునకు అంత వన్నె. దుఃఖము నిజమే, ఆ దుఃఖమును అంతగా వర్ణించుటకు ప్రయోజనమును నిజమే.

ఇదే కాలమున కల్యాణపురమున, అనగా నేటి బసవకల్యాణమున, 1326లో వెలసిన సంస్కృత శాసనము వేఱు సంగతి చెప్పుచున్నది. అచ్చటి శివాలయము స్థానిక కల్లోలములలో చెడిపోగా, తుగ్లకుల అధికారియైన ఖ్వాజా అహ్మదు దాని పునరుద్ధరణకు అనుమతించెనట. ఓరుగల్లు ఆలయము కూలినదియు, కల్యాణపు ఆలయము నిలిచినదియు ఒకే ప్రభుత్వపు ఏలుబడిలోనే. నడుమ మూడు నాలుగు సంవత్సరములకంటె ఎక్కువ లేదు. శత్రురాజు కులదైవపు గుడి రాజ్యాధికారమునకు చిహ్నము. దానిని పడగొట్టుట అతని రాజ్యమును పడగొట్టుటయే. లోబడిన ప్రజల గుడి పాలకుని రక్షణలోనిది. దానిని నిలుపుట తన రాజ్యమును నిలుపుకొనుటయే. ప్రోలయ పిదప నాయకత్వము వహించిన కాపయ నాయకుడు 1347లో ఢిల్లీమీద తిరుగబడి బహమనీ రాజ్యమును స్థాపించిన ముసల్మానులకు తోడ్పడెను. పిదప ఆ బహమనీలతోనే పోరాడెను. మతము పేర గీచిన సరిహద్దురేఖ ఆ యుద్ధములలో ఎన్నిమారులు చెరిగిపోయెనో దీనిచే గ్రహింపవచ్చును.

ప్రతాపరుద్రుని మరణమును చూడుడు. ఢిల్లీకి కొనిపోవుచుండగా దారిలో చనిపోయెనని షంసి సిరాజ్ అఫీఫ్ అను పారసీక చరిత్రకారుడు వ్రాసెను. నర్మదాతీరమున మరణించెనని విలస శాసనము చెప్పుచున్నది. ఒక శతాబ్దము గడచిన పిమ్మట, 1423లో, రెడ్డిరాణి అనితల్లి వ్రాయించిన కలువచేఱు శాసనము అతడు తన ఇచ్ఛచేతనే దేవలోకమున కేగెనన్నది. ఆత్మత్యాగము చేసికొనెనని దీనినిబట్టి కొందఱు పండితులు ఊహించిరి. పదునాఱవ శతాబ్దపు ప్రతాపరుద్రచరిత్రము మఱింత ముందునకు పోయి, ఢిల్లీ సుల్తాను అతని మహిమను గుర్తించి గౌరవముతో విడిచిపుచ్చెనని కథ చెప్పెను. ఏండ్లు గడచినకొలది రాజు బందీతనము తగ్గుచు, గౌరవము పెరుగుచు వచ్చెను. ఆ గ్రంథమే ఓరుగల్లు కోటకు డెబ్బదికి మించిన బురుజులను చెప్పి, ఒక్కొక్క దానిని ఒక్కొక్క నాయకునికి అప్పగించినది. రాతికోట చుట్టు నడచి లెక్కించినచో బురుజులు 45 మాత్రమే. తమ పూర్వుడు ఓరుగల్లు బురుజును కాచెనని చెప్పుకొనగోరిన వంశములు ఆనాటికి అనేకములు పెరిగియుండెను. ఆ గ్రంథము 1323ను గూర్చి చెప్పుదానికంటె, 1323ను తలచుకొని గర్వింపదలచిన తరువాతి తరముల మనస్సును గూర్చియే ఎక్కువ చెప్పుచున్నది. అట్లు చదివినచో అదియు అమూల్యమైన సాక్ష్యమే.

రుద్రమదేవి విషయమున వ్రాత చేసిన పని మఱియు విచిత్రమైనది. పెక్కు శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజు. స్త్రీ సింహాసనమున కూర్చుండగలిగెను గాని, రాతిమీద స్త్రీపేరుతో రాజుగా నిలుచుట కష్టమయ్యెను. పరదేశి యాత్రికుడైన మార్కో పోలో ఆమె వివేకమును, న్యాయమును కొనియాడెను. కాని ఆమెను మృతుడైన రాజు భార్యగా తలచెను. ఆమె గణపతిదేవుని కుమార్తె. తండ్రినుండి కుమార్తెకు రాజ్యము వచ్చుననుట అతని ఊహకు అందలేదు కాబోలు. ఇక ఆమె మరణమో! ఏ ఆస్థానకవియు దానిని చెప్పలేదు. 1295 ప్రాంతమువరకు ఆమె రాజ్యమేలెనని చరిత్రకారులు చాలకాలము వ్రాయుచుండిరి. నల్లగొండ ప్రాంతమందలి చందుపట్ల గ్రామములో ఒక చిన్న శాసనము బయలుపడినది. పువ్వుల ముమ్మడి యను సేవకుడు, శివసాయుజ్యము నొందిన రుద్రమదేవికిని, ఆమె సేనాని మల్లికార్జున నాయకునికిని పుణ్యముగా 1289లో భూమి నిచ్చెనని అందు కలదు. రాణియు సేనానియు ఒక్కమారే గతించుటను బట్టియు, ఆ కాలమున అంబదేవుడు తిరుగుబాటు చేసి తన విజయములను చాటుకొనుటను బట్టియు, ఆమె యుద్ధమున మరణించియుండునని నేటి పండితులు భావించుచున్నారు. మహారాజ్యపు వ్రాయసగాండ్రు మౌనము వహించిన చోట ఒక సేవకుని రాయి పలికినది.

మా యింట ఆదివారము సాయంకాలములందు ఏదైన నొక చరిత్ర ప్రకరణమును పైకి చదువుకొనుట వాడుక. ఓరుగల్లు ముట్టడిని చదివిన దినమున ఏడవ తరగతి చదువుచున్న మా మేనకోడలు, "ఆ మట్టికోట బయట పల్లెల్లో ఉన్నవాళ్ళేమయ్యారు, మామయ్యా? వాళ్ళ సంగతి ఎవరు రాశారు?" అని అడిగెను. మేము సమాధానము చెప్పకమునుపే మా తల్లిగారు, "రాగిరేకు కొనగలిగినవాళ్ళే గదే తల్లీ రాయించుకునేది" అనిరి. ఆమె బడిలో చదివినది కొలదియే. కాని పైని మేము ఇన్ని పుటలలో చెప్పజూచిన దంతయు ఆ మాటలో కలదు.

అయినను సామాన్యుల జాడ పూర్తిగా లేకపోలేదు. వెదకు చోట వెదకవలెను. తెలుగుపల్లెల పొలిమేరలందు నిలిచియున్న వీరగల్లులను చూడుడు. ఆవులమందను దోచుకొనవచ్చిన వారితో పోరాడి చచ్చిన గ్రామస్థులు వానియందు కనబడుదురు. రాజుల మహాయుద్ధములకంటె ఈ చిన్నపోరులే పల్లెవానికి యుద్ధమని పేరుగలవి. దానశాసనములను చూడుడు. రుద్రమదేవి కాలపు 1261 నాటి మల్కాపుర శాసనము ఆమె గురువైన విశ్వేశ్వర శివాచార్యుల మఠమును గూర్చినది. అందు వేదము చెప్పువారితోపాటు వైద్యశాల కలదు, ప్రసూతిశాల కలదు, బ్రాహ్మణుడు మొదలు చండాలునివరకు ఎల్లరకు అన్నము పెట్టు సత్రము కలదు. ఆ దానము రాణి అధికారమునకు మఠము నండగా నిలిపినదనుట నిజము. ఆకలిగొన్నవానికి అన్నము దొరకినదనుటయు నిజము. పురిటినొప్పులు పడు స్త్రీకి ఏడువందల యేబది సంవత్సరములకు పూర్వమే ఒక కప్పు కల్పింపబడెనను సంగతి మన బాలికలకు నేర్పవలసినది కాదా? ఎన్ని పాఠ్యపుస్తకములలో కోటముట్టడికి ఇచ్చిన పుటలో పదవవంతైన దీనికి ఇచ్చుచున్నారు?

ఇట్లు ప్రశ్నించుచు పోయినచో పూర్వులయందు గౌరవము నశింపదా యని పెద్దలు కొందఱు శంకింతురు. నశింపదని మా మనవి. పొగడ్తను తీసివేసిన పిమ్మటను రుద్రమ రుద్రమయే. గొలుసు వేసిన బంగారుబొమ్మ కథ నిజమైనను కాకున్నను ప్రతాపరుద్రుడు ఇరువది యేండ్లు నిలిచి పోరాడినవాడే. నశించునది గౌరవము కాదు, పగ. ఏడువందల యేండ్ల క్రిందటి సేనాని చేసిన కార్యమునకు నేడు మన వీధిలో దుకాణము పెట్టుకొన్న ముసల్మాను జవాబుదారి కాడు. ఆనాటి రాజు చేసిన దానమునకు మనమును కారణము కాము.

కావున గృహములలో చరిత్ర చదువునప్పుడు పిల్లలచేత నాలుగు ప్రశ్నలు అడిగింపుడు. ఇది యెవరు వ్రాయించిరి? సంగతి జరిగిన ఎన్నియేండ్లకు వ్రాయించిరి? దీనివలన వారికి కలిగిన లాభమేమి? ఇందులో పేరులేనివారెవరు? ఈ నాలుగింటిని అడుగ నేర్చిన బాలుడు రేపు వార్తాపత్రికను చదువునప్పుడును, ఎన్నికల సభలో ఉపన్యాసమును విన్నప్పుడును అవే ప్రశ్నలు అడుగును. ఈ అలవాటు మన యిండ్లలో ఇంకను అరుదుగానే ఉన్నది. దానిని నాటుటకు పెద్ద గ్రంథాలయము అక్కఱలేదు. వారమునకొక సాయంకాలము చాలును.