కొట్టేసిన వంగ మళ్ళీ కాసింది

కిందటేడు ఆషాఢంలో పెరట్లో వంగనారు పోశాం. దసరా వెళ్ళాక మొదలైన కాపు సంక్రాంతి దాకా ఆగలేదు. గుత్తివంకాయకైనా, పచ్చిపులుసుకైనా బజారు మొహం చూడలేదంటే నమ్మండి! శివరాత్రికి మాత్రం ఆకులు ముదిరిపోయి, ఒకటీ అరా గింజ కాయలు మిగిలాయి. పీకేసి ఆ మడిలో తోటకూర చల్లుదామని గునపం పట్టుకున్నాను.

కార్తీకంలో మామయ్యగారు పోయిన దగ్గర్నుంచీ అత్తయ్యగారు ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. ఆ రోజు అరుగు మీంచి, "పీకకే అమ్మాయ్, కత్తిపీట తే!" అన్నారు.

మంచు పడే దేశాల్లో వంగ ఏడాదికే చచ్చిపోతుంది గానీ మన వేడికి మొదలు బతికే ఉంటుంది. ఆవిడ దగ్గరుండి మొక్కల్ని నేలకి అడుగెత్తున కొట్టించారు. ఆకులు చిన్నవైపోయి వెర్రితెగులు పట్టిన రెండింటిని మాత్రం పీకించేశారు. మొదట్లో పశువులెరువు వేసి, ఎండ తగలకుండా గడ్డి పరిచాం. కొత్త చివుళ్ళలో తలలు వాల్చినవాటిని రోజూ తనే తుంచి కాల్చేసేవారు. లోపల పురుగుంటుందిట, వదిలేస్తే కాయల్లోకి పోతుందిట.

ఉగాది వెళ్ళిన రెండు వారాలకి లేత కాయలు దిగాయి. ఆ పూట అత్తయ్యగారే పొయ్యి దగ్గరికొచ్చి, "మీ మావయ్యకి కారం కాస్త ఎక్కువుండాలి" అంటూ కూర కలియబెట్టారు. కళ్ళు తుడుచుకుని, మాతోపాటు కూర్చుని తిన్నారు.

మీ పెరట్లోనూ ముదిరిన వంగ ఉంటే, గునపం తీసేముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఓ మాట అడగండి.